కీబోర్డు కొన్నారు సరే, బాక్సులు ఎక్కడ పెట్టారు?

అనంతపురం పల్లెల్లో వేసవి రాత్రి ఆరుబయట మంచం వాల్చుకున్నవాళ్లకు ఇది అనుభవమే. మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఏదో ఊళ్లో నాటకం ఆడుతుంటుంది. కృష్ణుడి పద్యం, పద్యం చివర సాగే రాగం, దాని కింద ఆర్గన్ పట్టిన శ్రుతి గాలిలో తేలి వచ్చి చెవిలో పడతాయి. అదే మైకు సెట్టు పగలు రెండింటికి పెడితే ఊరి పొలిమేర దాటగానే మాట చెదిరిపోతుంది.

ఇదంతా గాలి చేసే పని. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది. 20 డిగ్రీల వద్ద సెకనుకు 343 మీటర్లు వెళ్లే ధ్వని 40 డిగ్రీల వద్ద దాదాపు 355 మీటర్లు వెళుతుంది. పగలు నేల కాలుతుంటే నేలనంటిన గాలి పైగాలి కంటే వేడిగా ఉంటుంది. అందుకని ధ్వని వేగం తక్కువున్న పైగాలి వైపుకు వంగి ఆకాశం పాలవుతుంది. రాత్రి మబ్బులేని ఆకాశం కింద నేల త్వరగా చల్లారి, కింది గాలి చల్లగా, పైగాలి వెచ్చగా మారుతుంది. అప్పుడు ధ్వని కిందికి వంగి దూరపు ఊళ్ల దాకా నేల వెంబడే పోతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే ఈ పీఠభూమిలో మబ్బులు తక్కువ, గాలిలో తేమ తక్కువ. కాబట్టి ఈ తేడా ఇక్కడ మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

విచిత్రం ఏమిటంటే, అంత దూరం పోయిన పద్యమే వేదిక ముందు కూర్చున్నవారికి చాలాసార్లు సగం కూడా అర్థం కాదు. బాక్సుల ముందు చెవులు గింగురుమంటుంటాయి, మాట మాత్రం తేలదు. ఆర్గన్ అయితే ఒక మోతగా మిగులుతుంది. అప్పుడు తప్పు కీబోర్డు మీదికో, వాయించే మనిషి మీదికో పోతుంది. ఊళ్లో నలుగురూ చందాలేసుకుని ఇంకా ఖరీదైన కీబోర్డు తెస్తారు. దాన్నీ అదే మూలన, అదే బాక్సుకు తగిలిస్తారు.

ఎలక్ట్రానిక్ ఆర్గన్‌కు సొంత గొంతు లేదు. వీణకు కుండ ఉంది, హార్మోనియానికి ఇత్తడి రీడ్లూ గాలితిత్తీ ఉన్నాయి. కీబోర్డు ఇచ్చేది కరెంటు సంకేతం మాత్రమే. అది శబ్దంగా మారేది స్పీకరులో, సంగీతంగా నిలబడేది గదిలో. చిన్న కీబోర్డుల లోపల ఉండే కొద్ది వాట్ల స్పీకర్లు వాయించేవాడికి వినబడడానికే పెట్టినవి. వంద మంది కూర్చున్న చోట బయటి బాక్సే ఆ వాద్యానికి శరీరం. ఇంత ముఖ్యమైన శరీరాన్ని ఎక్కడ నిలబెట్టాలన్న ఆలోచన మాత్రం మన దగ్గర అందరికంటే చివర్న, టెంటు వేయడం అయిపోయాక, ఖాళీ ఉన్న చోటు చూసి జరుగుతుంది.

మైకులు రాకముందు ఈ విషయంలో మనవాళ్లు ఇంత అజాగ్రత్తగా లేరు. అనంతపురం సీమ తెలుగు నాటకానికి పురిటిగడ్డల్లో ఒకటి. పద్యాన్ని రాగంతో పాడే పద్ధతిని నాటకంలో స్థిరపరచిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టారు. బళ్లారిలో ఆయన నడిపిన సరసవినోదిని సభ 1886 నాటిది. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో జన్మించారు. రాగాలాపన కంటే మాటకూ నటనకూ పెద్దపీట వేసిన నటుడాయన. ఆ తరం నటులకు ఉన్నది గొంతు, ఎదురుగా జనం, పక్కన ఒక హార్మోనియం.

ఆ హార్మోనియం కూడా ఇక్కడిది కాదు. పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ 1840లలో పేటెంటు తీసుకున్న వాద్యాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో నేల మీద కూర్చుని చేత్తో వాయించేలా మార్చారు. మిషనరీల వెంట కాలితో తొక్కే రీడ్ ఆర్గన్లు వేరే దారిన తెలుగు నేలకు వచ్చాయి. గుత్తి వంటి చోట్ల లండన్ మిషనరీ సొసైటీ పంతొమ్మిదో శతాబ్దంలోనే కేంద్రాలు పెట్టుకుంది. నాటకంలోనూ ప్రార్థనలోనూ వాద్యం ఎక్కడుండాలో చెవే చెప్పేది. పాడేవాడికి శ్రుతి అందాలి, జనానికి పాట మీద వాద్యం ఎక్కకూడదు. హార్మోనిస్టు వేదికకు ఓ పక్కన, నటుడి కనుచూపు మేరలో కూర్చోవడంలో ఆ లెక్క ఉంది. వాద్యం ఉన్న చోటే దాని శబ్దం పుట్టేది గనుక వేరే తంటా లేదు.

వాద్యాన్నీ దాని శబ్దం పుట్టే చోటునూ విడదీసింది ఎలక్ట్రానిక్ ఆర్గనే.

అమెరికాలో గడియారాలు తయారుచేసే లారెన్స్ హామండ్ 1935లో తన ఎలక్ట్రిక్ ఆర్గన్‌ను మార్కెట్లోకి తెచ్చారు. అందులో పళ్లున్న ఉక్కు చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతూ స్వరాలను పుట్టిస్తాయి. ఆ చక్రాలను తిప్పే మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. అక్కడ 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ఏ మార్పూ చేయకుండా ఆ వాద్యాన్ని తెచ్చి మన ప్లగ్గులో పెడితే శ్రుతి మొత్తం కిందికి జారిపోతుంది. నేటి కీబోర్డుల్లో క్వార్ట్జ్ స్ఫటికం కాలాన్ని కొలుస్తుంది కాబట్టి కరెంటు ఎంత ఊగినా శ్రుతి చెదరదు. అనంతపురం వేసవిలో ఇది చిన్న వరమేమీ కాదు.

హామండ్ ఆర్గన్ వేల డాలర్ల పైపు ఆర్గన్‌కు సాటి అన్న ప్రచారం మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. 1937లో షికాగో విశ్వవిద్యాలయం ప్రార్థనాలయంలో రెండింటినీ వినిపించి పరీక్ష పెట్టారు. వినేవాళ్లలో సంగీత నిపుణులూ ఉన్నారు, విద్యార్థులూ ఉన్నారు. దాదాపు మూడింట ఒక వంతు సార్లు వాళ్లు ఏది ఏదో పోల్చుకోలేకపోయారు. కమిషన్ మటుకు 1938లో కొన్ని ప్రచార వాక్యాలు మానుకోమని హామండ్ కంపెనీని ఆదేశించింది. ఈ కథను ఆర్గన్ గొప్పతనానికి రుజువుగా చెబుతుంటారు. నిజానికి ఆ మార్కుల్లో ఎత్తయిన రాతి ప్రార్థనాలయానికి రావలసిన వాటా చాలానే ఉంది. ఎందుకంటే అదే వాద్యం మామూలు ఇంట్లో పెడితే ఏమవుతుందో డాన్ లెస్లీకి తెలిసొచ్చింది.

లాస్ ఏంజెలెస్‌లో రేడియోలు బాగుచేసే లెస్లీ పెద్ద హాల్లో హామండ్ విని మురిసిపోయి ఒకటి కొన్నాడు. ఇంట్లో వాయిస్తే అది చప్పగా, కదలిక లేకుండా వినిపించింది. హాల్లో శబ్దం నాలుగు గోడల నుంచీ రకరకాల దారుల్లో వచ్చి చెవిలో కలిసేది, ఇంట్లో ఒకే పెట్టెలోంచి సూటిగా వచ్చి ఆగిపోతోంది. అతను కనిపెట్టిన ఉపాయం విన్నవాళ్లు మొదట నవ్వి ఉంటారు. స్పీకరు శబ్దాన్నే గిరగిరా తిప్పడం! హెచ్చు స్వరాలకు తిరిగే హారన్, మంద్రానికి తిరిగే డ్రమ్ము. మెల్లగా తిప్పితే నిమిషానికి 40 చుట్లు, వేగంగా తిప్పితే 400 దాకా. హారన్ మనవైపు వస్తున్నప్పుడు స్వరం కాస్త హెచ్చి, పోతున్నప్పుడు కాస్త తగ్గుతుంది, గోడలన్నిటికీ వంతులవారీగా శబ్దం తగులుతుంది. చూసేవాళ్లకు అందులో రెండు హారన్లు కనబడతాయి గానీ శబ్దం వచ్చేది ఒకదాంట్లోంచే. రెండోది తూకం కోసం పెట్టింది. ఈ పెట్టెను హామండ్‌కు చూపిస్తే ఆయన వద్దన్నాడు. లెస్లీ 1940 నుంచి సొంతంగా తయారు చేసుకున్నాడు. ఇవాళ హామండ్ పేరు చెబితే ప్రపంచానికి గుర్తొచ్చే మోత ఆయన కాదన్న ఆ పెట్టెదే. మన కీబోర్డుల్లో ఆర్గన్ టోన్ నొక్కగానే వచ్చే ఆ వణుకు లెస్లీ పెట్టెకు నకలు.

చర్చి ఆర్గన్లు చేసే కంపెనీలు ఈ పాఠాన్ని ఇంకో వైపు తీసుకెళ్లాయి. పైపు ఆర్గన్‌లో ప్రతి పైపూ వేరువేరు చోట నిలబడి మోగుతుంది. పది స్వరాలు పది చోట్ల పుట్టి గాలిలో కలుస్తాయి. ఎలక్ట్రానిక్ ఆర్గన్‌లో ఆ పదీ ఒకే ఆంప్లిఫయరులో, ఒకే స్పీకరు కోనులో ఇరుకున కలుస్తాయి. అక్కడే బురద మొదలవుతుంది. జెరోమ్ మార్కోవిట్జ్ 1937లో మొదలుపెట్టిన అలెన్ కంపెనీ 1971లో డిజిటల్ ఆర్గన్ అమ్మకానికి తెచ్చింది. అలాంటి పెద్ద ఆర్గన్లకు ఎన్నో చానళ్లు, ఒక్కో విభాగానికి వేరే స్పీకర్లు అమరుస్తారు. వాటిని జనం ముఖం మీదికి గురిపెట్టరు. ఎత్తున పెట్టి కప్పుకో గోడకో శబ్దాన్ని తాకించి హాలంతా పరుస్తారు.

మన ఊళ్లో అన్ని చానళ్లు ఎవరూ పెట్టలేరు, పెట్టక్కర్లేదు. కానీ ఆ ఆలోచనలో ఒక ముక్క పైసా ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు. పాస్టరుగారి మాటకూ కీబోర్డుకూ ఒకే బాక్సు వాడకండి. మాటకు పెట్టే బాక్సు జనం వైపు సూటిగా చూడాలి, ఎందుకంటే మాటకు గోడల సాయం అక్కర్లేదు, గోడలు దాన్ని పాడే చేస్తాయి. ఆర్గన్ బాక్సు ఎత్తున ఉండి పక్కగోడ వైపో కప్పు వైపో కొద్దిగా తిరిగి ఉంటే దాని శబ్దం విచ్చుకుంటుంది, మాటకు అడ్డం రాదు. ఇప్పటికే ఉన్న నాలుగు బాక్సుల్లో ఒకదాన్ని దీనికి కేటాయిస్తే చాలు.

ఇక మన బాక్సుల సంగతి. గుడి గోపురం మీద, చర్చి శిఖరం మీద, ఆటో నెత్తిన కనబడే గొట్టం హారన్ మాటకోసం పుట్టిన పరికరం. అది సుమారు 300 హెర్ట్జ్ పైనుంచే గట్టిగా పలుకుతుంది. 61 కీల కీబోర్డులో అట్టడుగు స్వరం 65 హెర్ట్జ్, మధ్య ‘సి’ 262 హెర్ట్జ్. అంటే హారన్‌కు తగిలిస్తే ఎడమచేతి కింద ఉన్న రెండు స్థాయిల మూలస్వరాలూ రానేరావు. చెవి పైహార్మోనిక్స్‌ను బట్టి లేని స్వరాన్ని ఊహించుకుంటుంది కాబట్టి పాట గుర్తుపడతాం, కానీ నిండుదనం పోయి రేకు శబ్దం మిగులుతుంది. భజన బృందాల్లో కీబోర్డు ‘కీచుమంటోంది’ అన్న ఫిర్యాదులో సగం వాద్యానిది కాదు, హారన్‌ది. కీబోర్డు పలకాలంటే 12 అంగుళాల వూఫరున్న బాక్సు ఒక్కటైనా ఉండాలి.

బాక్సు ఉన్నా దాన్ని ఎక్కడ పెడతారు? సాధారణంగా మూలలో, నేల మీద. మంద్రస్వరాల తరంగాలు పొడవైనవి. ఆ 65 హెర్ట్జ్ స్వరం తరంగం ఐదు మీటర్ల పైమాటే. అది బాక్సు వెనక్కీ పోతుంది. వెనక గోడ ఉంటే తిరిగొచ్చి ముందు శబ్దంతో కలుస్తుంది. నేల, గోడ, మరో గోడ ఇలా ఒక్కో తలం చేరినకొద్దీ బేస్ ఆరేసి డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. మూలన పెట్టిన బాక్సుకు మూడు తలాలు! అందుకే ఎడమచేయి వేయగానే హాలంతా గుమ్మంటుంది, కుడిచేతి పాట మునిగిపోతుంది. వెంటనే మిక్సర్ మీద ట్రెబుల్ పెంచుతారు. ముందు వరుసవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. బాక్సును మూలలోంచి నాలుగడుగులు ఇవతలికి జరిపి స్టాండు ఎక్కిస్తే పోయే రోగానికి ఇంత వైద్యం.

హెచ్చు స్వరాల తరహా వేరు. 2,000 హెర్ట్జ్ తరంగం జానెడు కూడా ఉండదు. అది టార్చిలైటు వెలుగులా నేరుగా పోతుంది, అడ్డొచ్చిన స్తంభం వెనక, మనిషి వెనక నీడ పడుతుంది. బాక్సు కూర్చున్నవాళ్ల నడుము ఎత్తున ఉంటే మొదటి రెండు వరుసలు పైస్వరాలను తాగేస్తాయి, వెనకవాళ్లకు దరువు తప్ప పలుకు అందదు. ఏడెనిమిది అడుగుల ఎత్తున పెట్టి, ముఖం కొంచెం కిందికి వంచి, గురి చివరి వరుసవారి తల మీద ఉండేలా చూస్తే ముందువాళ్లకూ వెనకవాళ్లకూ శబ్దం దాదాపు సమంగా అందుతుంది.

ముచ్చటపడి కొన్న కీబోర్డు సగం శబ్దమే ఇస్తున్న సందర్భాలు కూడా ఉన్నాయి. కాస్త పెద్ద కీబోర్డుల వెనక రెండు అవుట్‌పుట్ రంధ్రాలుంటాయి, ఎడమా కుడీ. ఒకే వైరు ఉంటే దాన్ని ఎడమదానికి, అంటే ‘మోనో’ అని కూడా రాసి ఉన్నదానికి పెట్టాలి. అప్పుడు యంత్రమే రెండు పక్కల శబ్దాన్నీ కలిపి పంపుతుంది. తొందరలో కుడివైపు రంధ్రంలో పెడితే స్టీరియో టోన్లలో సగం భాగం బయటికే రాదు. చిన్న కీబోర్డుల్లో హెడ్‌ఫోన్ రంధ్రమే దిక్కు. అందులో మైకు వైరు మొన పెడితే ఒక చానల్ షార్ట్ అవుతుంది. స్టీరియో పిన్నున్న వైరు నూట యాభై, రెండు వందల రూపాయల్లో దొరుకుతుంది. ఇంకో తిరకాసు ఉంది. హెడ్‌ఫోన్ రంధ్రంలో ఏది పెట్టినా కీబోర్డు సొంత స్పీకర్లు మూగబోతాయి. వాయించేవాడికి తన వాయింపు తనకు వినబడదు, ఎదుటి బాక్సు వెనక కూర్చుని ఊహించుకోవాలి. సహజంగానే వాల్యూం పెంచుతాడు. ఆయన పక్కన ఓ చిన్న మానిటర్ స్పీకరు పెడితే ఊరంతా బతుకుతుంది. నాటకంలో అయితే ఆ మానిటర్ శబ్దం నటుడికీ అందే చోట ఉండాలి. పాత హార్మోనిస్టు కూర్చునే చోటు వెతికితే సరిపోతుంది.

గది గురించి లెక్క కట్టిన మొదటి మనిషి వాలెస్ సేబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఒక ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని ఈ యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించింది. ఆయన రాత్రిళ్లు పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి, ఒక్కో వరుస పరుస్తూ, ఒక ఆర్గన్ పైపు ఊది, శబ్దం పూర్తిగా చచ్చిపోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో స్టాప్‌వాచీతో కొలిచాడు. అలా తేలిన సూత్రం సులువైనది. గది ఘనపరిమాణం పెరిగితే మోత నిలిచే కాలం పెరుగుతుంది, పీల్చుకునే వస్తువులు పెరిగితే తగ్గుతుంది.

దాన్ని మన ఊరి భజన మందిరానికో చర్చికో వేసి చూద్దాం. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తున్న ఆర్‌సీసీ హాలు, సున్నం గోడలు, గ్రానైట్ నేల అనుకోండి. ఇలాంటి గట్టి తలాలు తమకు తగిలిన శబ్దంలో నూటికి మూడు పాళ్లు మాత్రమే పీల్చుకుంటాయని లెక్క వేస్తే, ఖాళీ హాల్లో మోత ఏడున్నర సెకన్ల దాకా నిలుస్తుంది. తెరిచిన కిటికీ తనకు తగిలిన శబ్దాన్నంతా బయటికి పంపేస్తుంది. 20 చదరపు మీటర్ల కిటికీలూ తలుపులూ బార్లా తెరిస్తే మోత నాలుగు సెకన్లకు దిగుతుంది. రెండు వందల మంది వచ్చి కూర్చుంటే ఒకటింపావుకు దిగుతుంది. మనిషి శరీరం, బట్టలు ఆ పని చేస్తాయి. శనివారం సాయంత్రం ఖాళీ హాల్లో మిక్సర్ సర్దుకుని ఆదివారం ఉదయం అదే మార్కు మీద నడిపేవాళ్లు ఎందుకు దెబ్బతింటారో ఈ మూడు అంకెలే చెబుతాయి. సర్దుబాటు జనం నిండాక, మొదటి పాటలోనే చేయాలి.

ఆర్గన్‌కు రెండు మూడు సెకన్ల మోత ఇష్టం. స్వరాలు ఒకదానిలోకి ఒకటి కరిగి నిండుగా ఉంటుంది. మాటకు ఒక సెకను దాటితే కష్టం. రెండూ ఒకే హాల్లో కావాలన్నదే అన్ని ప్రార్థనాస్థలాల తగాదా. మెదక్‌లో 1924లో పూర్తయిన మహాదేవాలయం అనే చర్చి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉన్న పెద్ద కట్టడం. అక్కడ కప్పు వంపుల్లో శబ్దం పీల్చే స్పంజు తరహా పదార్థం వాడారని చెబుతారు. పుట్టపర్తిలో ప్రశాంతి నిలయంలోని సాయి కుల్వంత్ హాలు వేలమంది పట్టేంత పెద్దది, కానీ దానికి పక్కలు తెరిచే ఉంటాయి. పక్కకు పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి అంతమంది కలిసి భజన పాడినా హార్మోనియం వెంట మాట దొరుకుతుంది. లేపాక్షి నాట్యమండపానిది మరో దారి. అక్కడ ఉన్నదంతా గ్రానైటే, కానీ చెక్కడాలున్న స్తంభాలు డజన్ల కొద్దీ నిలబడి శబ్దాన్ని ముక్కలు చేసి అన్ని దిక్కులకూ చిమ్ముతాయి.

ఇవాళ పల్లెల్లో లేస్తున్న హాళ్లలో అలాంటి స్తంభాలూ లేవు, తెరిచిన పక్కలూ లేవు. నున్నటి గోడలు ఎదురెదురుగా నిలబడతాయి. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. టకటకమని తిరిగొస్తే రెండు గోడల మధ్య శబ్దం బందీ అయిందని అర్థం. ఒక గోడకు మందపాటి జంపఖానాలో, పాత పరదాలో కట్టినా అది తగ్గుతుంది. దీనికి తోడు మైకు సెట్టాయన ఆంప్లిఫయరు మీద ‘ఎకో’ మరను చివరిదాకా తిప్పుతాడు! నాలుగు సెకన్ల మోతున్న హాల్లో ఎకో పెట్టడం కంటే పెద్ద అపచారం లేదు. ఎకో ఆరుబయట, గోడలు లేని చోట వాడదగిన వస్తువు. హాల్లోకి రాగానే ఆ మర సున్నాకు తిప్పేయాలి.

ఆరుబయట కథ మళ్లీ వేరు. కదిరి తిరునాళ్లలోనో, గూగూడు కుళ్లాయస్వామి ఉత్సవాల్లోనో పాట కచేరీ పెడితే ముందు వందలమంది, వెనక వేలమంది. ఎండిన గాలి హెచ్చు స్వరాలను తేమ గాలి కంటే ఎక్కువగా మింగుతుంది. వెనక ఉన్నవాళ్లకు చేరేసరికి ఆర్గన్‌లో మెరుపు పోయి గుబగుబ మిగులుతుంది. వేదిక దగ్గర బాక్సుల గుట్ట పేర్చడం దీనికి మందు కాదు. దూరం రెట్టింపయినప్పుడల్లా ఆరు డెసిబెల్స్ పోతాయి, ముందువాళ్లను చెవిటివాళ్లను చేస్తే తప్ప వెనకవాళ్లకు చాలదు. మైదానం మధ్యలో మరో జత బాక్సులు పెట్టాలి. కానీ వేదిక శబ్దం 34 మీటర్లు రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది, వైరులో కరెంటుకు ఆ ఆలస్యం లేదు. మధ్య బాక్సుల శబ్దం ముందే వచ్చేసి పాట రెండుసార్లు వినబడుతుంది. నేటి డిజిటల్ మిక్సర్లలో ఆ బాక్సులను అంతే సమయం ఆలస్యంగా మోగించే సౌకర్యం ఉంది. జర్మన్ పరిశోధకుడు హెల్మట్ హాస్ చూపించినట్టు, చెవి ముందు విన్న దిక్కునే శబ్దానికి పుట్టిల్లు అనుకుంటుంది. ఆలస్యం సరిగా పెడితే మధ్యలో ఉన్న బాక్సు ఉన్నట్టే తెలియదు, పాట వేదిక మీంచే వస్తున్నట్టు ఉంటుంది.

అనంతపురంలో తరచూ వినబడే జబ్బు ఒకటుంది, గుయ్యిమనే హమ్మింగు. పాట ఆగగానే బాక్సుల్లోంచి వినబడే ఆ 50 హెర్ట్జ్ గోలకు మొదటి కారణం ఎర్తు. ఎండిన నేలలో, కింద రాయి ఉన్న చోట ఎర్తు సరిగా దిగదు. ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్తు గుంతలో వేసవిలో వారానికో రెండు బిందెల నీళ్లు పోయాలి. తాగేందుకు ట్యాంకరు కోసం కాచుకునే ఊళ్లో ఇది చెప్పడం ఇబ్బందే, కానీ కూరగాయలు కడిగిన నీళ్లయినా చాలు. రెండో కారణం కీబోర్డు ఒక గోడ ప్లగ్గులో, ఆంప్లిఫయరు ఇంకో గోడ ప్లగ్గులో పెట్టడం. అన్నిటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకుంటే చాలాసార్లు గోల ఆగిపోతుంది. దూరపు వైరు అయితే మధ్యలో ఈ గోల రాకుండా చూసే డీఐ బాక్సు పెట్టాలి. హమ్మింగు పోవడానికని మూడో పిన్ను విరిచేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇదంతా అవసరమా, వాల్యూం పెంచితే పోదా అనేవాళ్లకు చట్టం ఒక గీత గీసింది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల పేరిట ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా, అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. సరైన చోట పెట్టిన రెండు బాక్సులు తప్పు చోట పెట్టిన ఆరు బాక్సుల కంటే తక్కువ శబ్దంతో ఎక్కువ స్పష్టంగా పలుకుతాయి. పక్కింటి పరీక్షల పిల్లలకూ మేలే.

మీ భజన మందిరంలోనో, సంఘంలోనో, నాటక సమాజంలోనో కొత్త కీబోర్డు కొనే మాట వస్తే కమిటీ సభ్యులు ముందు ఒక సాయంత్రం కేటాయించండి. ఒకరిని కూర్చుని తెలిసిన పాటే వాయించమనండి, మిగతావాళ్లు హాల్లో ముందు నుంచి వెనకదాకా నడిచి వినండి. బాక్సును మూలలోంచి ఇవతలికి జరపండి, ఎత్తు మార్చండి, మాటకూ వాద్యానికీ బాక్సులు వేరు చేయండి, ఎకో కట్టేయండి. జనం నిండాక ఇంకోసారి వినండి. అప్పటికీ మీ పాత కీబోర్డు నచ్చకపోతేనే చందా పుస్తకం తీయండి.